అడుగున నడిచే ఉప్పునీళ్ళు

మా చిన్నాయన మోటారు వేసే ముందు కాలవనీళ్ళు దోసిట్లో పట్టి రుచి చూస్తాడు. మా సొంతూరు మురుంగపాక్కంలో మావాళ్ళందరిదీ అదే అలవాటు. ఉప్పుటేటిలో కలిసే కాలవ కదా, నాలుకే మాకు మీటరు. ఆ ఏడు నీళ్ళు తియ్యగానే ఉన్నాయని నాలుక చెప్పింది, వరినారు మాత్రం కొనలు ఎండి చచ్చింది. రెండోసారి నారు పోశాడు. ఇంట్లో ఇంక విత్తనాలు లేవు. ఇదీ పోతే ఆ ఏటికి పొలం బీడే.

నేను ఇంజనీరింగ్ కాలేజీలో నీటి ప్రవాహాల ల్యాబ్ చూసుకునేదాన్ని. నాకు తెలియనిది ఒక పిల్లకాలవలో ఏముంటుందని ధీమా.

"నువ్వు రుచి చూసేది పైనీళ్ళు చిన్నాయనా. మోటారు తాగేది అడుగునీళ్ళు" అన్నాను.

"ఏంది పాపా, ఒకే కాలవలో రెండు నీళ్ళు యాడుంటాయి?" అని కొట్టిపారేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం ఆయన్ను టౌన్లో, ఒర్లియంపేటలో ఉన్న మా ఇంటికి పిలిపించి, ఖాళీ చేపల తొట్టి మధ్యలో ప్లాస్టిక్ రేకు అడ్డం పెట్టాను. ఒకవైపు మంచినీళ్ళు, ఇంకోవైపు బట్టల నీలం కలిపిన ఉప్పునీళ్ళు. రేకు పైకి లాగేశాను. నీలంనీళ్ళు మంచినీళ్ళ కిందికి దూరి, ముందు ఉబ్బిన తలతో అడుగంటా పాకిపోయాయి. వాటి బరువే వాటిని నడిపిస్తుందని, పోటు వేళ సముద్రం మన కాలవలోకి ఇలాగే దూరుతుందని చెప్పాను.

చిన్నాయన పైనీళ్ళలో వేలు ముంచి నాకాడు. "తియ్యంగానే ఉండాయి" అన్నాడు, ఈసారి మెల్లగా.

గెలిచానని రెచ్చిపోయాను. తొట్టి అడుగున గులకరాళ్ళు పరిచి మళ్ళీ చేశాను. నీలం తల రాళ్ళకు తగిలి తడబడింది, సుడులు లేచాయి, వడి తగ్గిపోయింది.

"చూశావా, దాని ఊపంతా సుడుల్లోనే ఖర్చైపోయింది. కాలవలో రాళ్ళు పోయించు, పీడ వదులుతుంది."

ఆయన మళ్ళీ వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఇప్పుడు పైన గూడా ఉప్పుండాది పాపా. ఆ సుడే గదా కలిపేసింది. రాళ్ళేస్తే ఉండే మంచినీళ్ళు గూడా చెడతాయి."

నిజమే. ఖర్చైన శక్తిలో కొంత నీళ్ళను కలపడానికే పోతుందని ఏళ్ళ తరబడి విద్యార్థులకు చెప్పింది నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన వేలి మీద మాత్రం నాకు ఎక్కడలేని గౌరవం పుట్టింది.

ఆ సాయంత్రమే మూత బిగించిన ఖాళీ క్యాను ఒకటి కట్టి, మోటారు పైపు కొసను అడుగునుంచి లేపి, నీటిమట్టానికి జానెడు కిందుగా, పైనున్న మంచినీళ్ళలోనే తేల్చాడు. నారు బతికింది.

ఇప్పటికీ పొద్దున్నే రుచి చూస్తాడు. కాకపోతే కాలవలో కాదు, పైపులోంచి పడే నీళ్ళను. నేను వెళ్ళిన రోజున తాను చూశాక నా దోసిట్లోకీ పడతాడు. నేను తల ఊపేదాకా మడికి నీళ్ళు తిప్పడు.