వాడుకోండి అన్న కరెంటాయన

ప్రతి ఉదయం వెర్లిన్ హాల్వర్సన్ చేసే మొదటి పని, పెరట్లో బట్టలారేసే తీగకు పాత పిండిసంచి గుడ్డ ఒకటి తగిలించడం. తడిగుడ్డ కాదు, పొడిదే. తగిలించి, కాఫీ కప్పుతో వెనక మెట్టు మీద నిలబడి, అది ఎటు ఊగుతోందో, ఎంత ఊగుతోందో చూసేవాడు. తర్వాత తలెత్తి కొండ మీద మంచు ఎంత మిగిలిందో చూసేవాడు. ఆపైన కళ్లు మూసుకుని, "ప్రభూ, ఈ రోజు ఎంత పంపావో అంతా వాడుకునే తెలివి కూడా ఇవ్వు" అనుకుని లోపలికి వెళ్లేవాడు.

"ఆఫీసులో అంతంత తెరలున్నాయి, గాలెంతో నీళ్లెంతో అవే చెబుతాయి. ఇంకా ఈ గుడ్డెందుకయ్యా?" అనేది ఆయన భార్య లోరీన్.

"ఆ తెరల దగ్గర కాఫీ తాగనివ్వరే. ఒలుకుతుందంటారు."

మా లోయకు సొంత కరెంటు సంఘం ఉంది. గట్టు మీద గాలిమరలు, ఏటికి అడ్డంగా చిన్న ఆనకట్ట, దాని కింద కరెంటు తీసే యంత్రాలు. మాకు మిగిలిన కరెంటు ఒక తీగ మీదుగా పెద్ద నది మీదున్న కరెంటు కంపెనీకి వెళ్లిపోతుంది. వెర్లిన్ పని, ఏ ఘడియకు ఎంత పుడుతోందో అంత ఖర్చయ్యేలా చూడటం. ఎక్కువైనా కష్టమే, తక్కువైనా కష్టమే. స్తంభాల మరమ్మతుకు ఎక్కడైనా కరెంటు ఆపాల్సివస్తే ముందు ఆ ఇళ్లకు ఫోన్ చేసి, "పొయ్యి మీద ఏముంది?" అని అడిగేవాడు. "బీన్సు వేశాను, ఇంకా ఉడకలేదు" అని అటు నుంచి జవాబొస్తే, "అయితే ఉడకనివ్వండమ్మా, మావాళ్లు ఇంకో కాఫీ తాగుతారు" అనేవాడు. ఆ మాట అందుకున్న ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. మా ఇల్లూ అందులో ఒకటి.

ఆ ఏడు వసంతంలో రోజెట్ అనే ఆమె మా ఆనకట్ట దిగువన వలల గూళ్లు కట్టించి, వాటిలో సాల్మన్ చేపపిల్లల్ని పోయించింది. ఆమెది దిగువ ఊరు, ఈ ఏటి ఒడ్డున మాకంటే ముందు నుంచీ ఉన్నవాళ్ల కుటుంబం. ఆనకట్ట లేచినప్పటి నుంచి ఇక్కడికి సాల్మన్ రావడం మానేసింది. పిల్లల్ని కొన్నాళ్లు ఈ నీళ్లలో ఉంచి వదిలితే, అవి సముద్రానికి పోయి, పెద్దవై, మళ్లీ ఈ నీళ్లనే వెతుక్కుంటూ వస్తాయని ఆమె నమ్మకం. చేపల్ని వదిలే ఆదివారం విందు పెడతామని, ఊరంతా రావాలని మా చర్చికి కబురు పంపింది. ఏం జవాబివ్వాలో తెలియక మావాళ్లు ఊరుకున్నారు.

రోజెట్ ఒకరోజు కరెంటు ఆఫీసుకు వచ్చింది. "వెర్లిన్, ఆదివారం దాకా కట్ట మీద నుంచి నీళ్లు దూకించకు. అంత ఎత్తు నుంచి పడ్డ నీళ్లలో గాలి కలిసిపోతుంది. ఆ నీళ్లు పీల్చిన చేపపిల్లల ఒంట్లో సోడా పొంగినట్టు బుడగలొస్తాయి. ఒక్కటీ బతకదు."

"యంత్రాల గుండా వదిలితే?"

"మెల్లగా వస్తాయి కాబట్టి భయం లేదు. అలా వదలగలవా?"

"వదులుతాను."

"నీ మాట నమ్ముతున్నా. ఆ కాఫీని మాత్రం నమ్మను, తారు వాసనొస్తోంది" అంటూ నవ్వి వెళ్లింది.

ఆ గురువారం ఎండ విరగకాసింది. తీగ మీద గుడ్డ అడ్డంగా లేచి నిలబడింది. కొండ మీద మంచు ఒక్కసారిగా కరిగి ఏరు ఎర్రగా పొంగింది. పొద్దున్నే పెద్ద నది కంపెనీ వాళ్ల ఫోన్: "మా దగ్గరే నీళ్లెక్కువ, గాలెక్కువ. మీ కరెంటు మాకు పంపకండి." వెర్లిన్ గాలిమరలు ఆపించాడు. గాలిని వదిలేయొచ్చు, కరిగే మంచును వద్దనలేం కదా. నీళ్లు యంత్రాల గుండా పోవాలంటే ఆ కరెంటును లోయలోనే ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. లేకపోతే యంత్రాలు తగ్గించి, నీళ్లను కట్ట మీద నుంచి దూకించాల్సిందే.

మా చర్చిలో ప్రార్థనల గొలుసు ఒకటుంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే ముందు ఆర్డిత్ గారికి ఫోన్ వస్తుంది. ఆమె ఇంకొకరికి, వాళ్లు మరొకరికి. కాసేపట్లో ఊరంతా ప్రార్థనలో ఉంటుంది. ఆర్డిత్ గారు మా అందరికీ సండే స్కూల్ టీచర్. ఆ పూట ఆమె, నేను చర్చి వంటింట్లో కప్పులు తుడుస్తుంటే వెర్లిన్ ఫోన్ చేశాడు. ఆమెకు చెవుడు కాబట్టి స్పీకర్ పెట్టుకుంటుంది.

"టీచరమ్మా, గొలుసు కదపాలి."

"ఎవరికేమైందిరా?"

"చేపలకి." విషయమంతా చెప్పి, "నీళ్ల హీటర్లు, ఓవెన్లు, బట్టలారబెట్టే మిషన్లు, అన్నీ వేయమనండి. సాయంత్రం దాకా" అన్నాడు.

"ఊరికేనా? గదిలోంచి పోతూ దీపం ఆర్పమని నీకు నేర్పింది నేనే కదరా!"

"ఆ పాఠం బాగా వంటబట్టింది టీచరమ్మా. ఈ ఒక్క రోజుకి సెలవివ్వండి."

ఆమె తుడుస్తున్న కప్పు కింద పెట్టింది. "చేపల్ని చేసిందీ ఆ దేవుడే కదా. సరే" అంది.

గొలుసు కదిలింది. మా వంటింట్లో మూడు ఓవెన్లూ వేశాం. రోడ్డుకు అవతలి ఆఫీసులో వెర్లిన్ బోర్డు మీద లోయ వాడకం చూపే అంకె ఎక్కింది. ఆయన హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ దిగడం మొదలైంది. దిగుతూనే పోయింది. అలాగే పోతే గంటలో కట్ట గేట్లెత్తి నీళ్లు దూకించాలి. బోర్డు ముందు తోటివాణ్ణి కూర్చోబెట్టి, టోపీ చేత్తో పట్టుకుని రోడ్డు దాటి పరుగున వచ్చాడు.

ఓవెన్లు మూడూ చల్లగా ఉన్నాయి.

"టీచరమ్మా! ఎవరాపారు?"

"నేనే" అంది ఆర్డిత్ గారు, ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటూ. "ఖాళీ ఓవెన్ మండుతుంటే నా కడుపు మండినట్టుందిరా. వేశాను, ఓర్చుకున్నాను, నా వల్ల కాలేదు. వెనక్కి ఫోన్ చేసిన వాళ్లంతా అదే మాట. అందరూ స్విచ్‌ల దగ్గరే కూర్చున్నారట. మనసొప్పకపోతే ఆర్పేయండమ్మా అన్నాను. తప్పా?"

కోప్పడతాడేమో అనుకున్నాను. ఇలాంటి పొరపాటు మా ఊరు తప్ప ఇంకే ఊరు చేస్తుంది! కానీ వెర్లిన్ బల్ల మీద కూర్చుండిపోయాడు. కిటికీలోంచి ఏరు ఉన్న వైపు చూశాడు. చూపు తిప్పి, మూలనున్న పిండి డబ్బా వైపు చూశాడు.

"తప్పు నాదే టీచరమ్మా. ఖాళీగా వేయమన్నాను" అన్నాడు మెల్లగా. "రోజెట్ వాళ్ల విందుకు మనమింకా జవాబివ్వలేదు కదూ?"

"ఏం పట్టుకెళ్లాలో తెలియకేరా. వట్టి చేతులతో ఎలా వెళ్తాం?"

"అయితే నాకొక సాయం చేసిపెట్టండి. మీ దాల్చినచెక్క రొట్టెలు ఈ మూడు ఓవెన్ల నిండా కాల్చండి. గొలుసులో ఉన్నవాళ్లందరినీ కాల్చమనండి. ఆదివారం వాళ్ల ఊరూ మన ఊరూ కూర్చుని తిన్నా మిగలాలి. పిండి పొంగేదాకా ఓవెన్లు వేడెక్కుతూ ఉండాలి కదా, ముందు వాటిని వేసి, తర్వాత పిండి కలపండి టీచరమ్మా."