ఇంజన్‌కు పెట్టిన గంటు

మా చిట్యాల ఐలేశం ఎవర్నీ నమ్మేవాడు కాదు. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, తన వాటా మంద అమ్మి ఓ పాత విదేశీ కారు కొని కిరాయికి తిప్పేవాడు. దాన్ని తుడుస్తామని ఎవరైనా వస్తే కసిరేవాడు, తుడిచేవాడు ఏదో ఒకటి విప్పుకుపోతాడని. నాకైతే ఆయన వాలకం చూస్తే ఒళ్లు మండేది.

1959 ఎండాకాలంలో ఆ కారు పల్టీ కొట్టింది. ఐలేశం బతికి బయటపడ్డాడు. పైబాడీ నుజ్జునుజ్జయింది గాని ఇంజన్ చెక్కుచెదరలేదు. హైదరాబాదులో ఓ షెడ్డువాళ్లు అలాంటి కార్లకు ఓడలో కొత్త బాడీలు తెప్పించి, పాత ఇంజన్ బిగించి ఇస్తారని తెలిసింది. బతుకుతెరువు అదొక్కటే కాబట్టి ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడే గాని కంటి మీద కునుకు లేదు. తన మంచి ఇంజన్ కొట్టేసి పనికిరానిది బిగిస్తే? ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఇంజన్ మీది నంబరు పక్కనే ఆకురాయితో గంటు పెట్టాడు. వాళ్ల మందలో ప్రతి గొర్రె చెవికీ కోసే గుర్తే అది. ఆ సంగతి భార్య సుక్కమ్మకు కూడా చెప్పలేదు.

కారు కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చింది. గంటు ఉంది. ఐలేశం సంతోషంగా నల్గొండకు బయల్దేరాడు. కారు పాత నంబరు మీద రిజిస్టరైతేనే కిరాయి పర్మిట్ నిలుస్తుంది.

అక్కడ తనిఖీ అధికారి అమరేందర్ అనుమానంలో ఇతన్ని మించినవాడు. దొంగదారిన కొత్త కారు తెచ్చి పాత నంబరు తగిలించారేమోనని ఆయన శంక. పాత కారంటూ మిగిలింది ఇంజనే కదా, దాని మీద వంగి చూశాడు. నంబరు పక్కన ఆకురాయి గీతలు! ఇంజన్ నంబరు అరగదీసి మార్చబోయారని తేల్చేశాడు.

మర్నాడు ఐలేశం తమ్ముడి మందలోంచి ఒక గొర్రెను ఆఫీసుకు తీసుకెళ్లి చెవి చూపించాడు. అందరూ నవ్వారు. అమరేందర్ మాత్రం చెవినీ ఇంజన్‌నూ మార్చి మార్చి చూశాడు.

"గుర్తు ఒక్కటే. కానీ షెడ్డుకు పోకముందే నువ్వు పెట్టంగ ఎవరు చూసిన్రు?"

"ఎవ్వరు చూడొద్దనే పెట్టిన సార్."

సాక్షిని తెస్తేనే నంబరు ఇస్తానన్నాడు అధికారి. ఐలేశం ఇంటికొచ్చి, చూశానని చెప్పమని సుక్కమ్మను బతిమాలాడు. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఆమెను దేనికీ బతిమాలింది లేదు.

"ఇన్నేండ్లు నీ అంగి జేబు గూడ నన్ను ముట్టనియ్యలే," అందామె. "ఇప్పుడు నీ బతుకంత నా మాట మీద పెడ్తవా? చూడనిది చూసిన అని నేను చెప్ప."

ఆమె వెళ్లలేదు. నంబరూ రాలేదు. ఐలేశం వేరొకరి కారుకు డ్రైవరుగా కుదిరాడు. ఆ యజమాని పొద్దుగూకగానే టాంకులో పుల్ల పెట్టి పెట్రోలు చూసుకునేవాడు. ఐలేశం పక్కనే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ దారిన పోతూ చూసిన నాకు, ఎన్ని తిట్టుకున్నా, పాపమనిపించేది.