ఒక్కసారే ఎక్కిన కొండ

అద్దాలక్క ఏ పని ముట్టుకున్నా అది అయిపోయినట్టే మాట్లాడుతుంది. ఇరవై ఏళ్ళుగా కళ్ళజోళ్ళ కార్ఖానాలో అద్దాలు అరగదీస్తోంది. తిరిగే రాయి మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడుతుంటే, గుండ్రటి అద్దాన్ని దానికి ఆనించి ఫ్రేము ఆకారానికి తేవడం ఆమె పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం జారి పడిపోతుంది, తక్కువ అరిగితే ఫ్రేములో ఇమడదు. "కొంచెం చూసి చెయ్యమ్మా" అని సూపర్‌వైజరు అంటే, అద్దం ఇంకా చేతిలోకి తీసుకోకముందే "చేసేశాను" అంటుంది. చేసి చూపిస్తుంది కూడా, అందుకని ఎవరూ ఏమీ అనలేరు.

వాళ్ళ అత్తగారికి పక్షవాతం వచ్చినప్పుడూ అంతే. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయి, డెబ్భై నాలుగేళ్ళ మనిషి మంచాన ఉంటే, చుట్టాలందరూ ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడారు. అద్దాలక్క మాత్రం "నడుస్తుంది, ఎందుకు నడవదు" అని ఫోను పెట్టేసింది.

నెల గడిచింది. కాలికి బలం వచ్చిందని డాక్టరే చెప్పాడు. ఆసుపత్రి వ్యాయామశాలలో రెండు పొడుగాటి ఇనుప కమ్మీలుంటాయి, వాటి మధ్య పట్టుకుని నిలబడుతుంది అత్తగారు. నిలబడుతుంది, అంతే. కమ్మీ వదిలి ఒక్క అడుగు వెయ్యమంటే మాత్రం రాతి బొమ్మలా బిగుసుకుపోతుంది. వ్యాయామం చేయించే ఫిజియో బతిమాలాడు, కసిరాడు, చివరికి అద్దాలక్కని పక్కకి పిలిచి అసలు విషయం చెప్పాడు.

"శనివారంతో ఇక్కడ గడువు అయిపోతుందమ్మా. ఆ లోపు నడిస్తే ఇంటికి పంపిస్తాం. లేకపోతే చక్రాల కుర్చీ రాసిస్తాం. మీరుండేది ఎన్నో అంతస్తు?"

"మూడు. లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు."

"కుర్చీతో అక్కడ కుదరదు. నర్సులుండే హోము చూసుకోవాలి మరి. కాలిలో లోపమేం లేదు, ఆవిడకి భయం. భయానికి నా దగ్గర మందు లేదు."

"మా అత్తయ్యకి భయమా?" అంది అద్దాలక్క. "మీరు ఆవిడని ఇంకా చూడలేదు బాబూ." పైకి ధాటిగానే అంది గానీ, అప్పటికే గురువారం సాయంత్రం అయింది. మిగిలింది రెండు రోజులు. అత్తగారు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహించుకోలేకపోయింది.

ఆ సాయంత్రమే కూతురు స్కూలు నుంచి నేరుగా వచ్చి, నానమ్మ మంచం మీద ఒక సంచీ బోర్లించింది. పిల్లకి పద్నాలుగేళ్ళు. సంచీలోంచి పడింది పాత వీడియో గేము పెట్టె. రెండు రిమోట్లు, చిక్కుపడిన వైర్లు, బొత్తాల చుట్టూ బూడిద రంగు దుమ్ము.

"అటక మీద దొరికింది. నానమ్మ చేతికి వ్యాయామం అవుతుంది, భయమూ పోతుంది. మీరిద్దరూ అప్పట్లో పిచ్చిగా ఆడేవాళ్ళట, నాన్న ఫోనులో చెప్పాడు."

"వద్దు" అంది అద్దాలక్క. "వద్దు" అంది అత్తగారు. ఇద్దరి నోటి నుంచీ ఒకేసారి వచ్చింది.

పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "బాగోదా ఆ ఆట?"

"అంత బాగున్న ఆట నేను మళ్ళీ చూడలేదు" అంది అద్దాలక్క.

"మరేంటి?"

"ఒకసారి ఆడాం. అయిపోయింది" అని అత్తగారు కళ్ళు మూసుకుంది. ఆవిడ కళ్ళు మూసుకుందంటే ఇక మాట్లాడేదేం లేదని అర్థం. పిల్ల మూతి ముడుచుకుని వైర్లన్నీ సంచీలో కుక్కింది.

ఇంటికి వెళ్ళే బస్సులో పిల్ల వదల్లేదు. ఆ పిల్ల మొండితనం ఎవరి పోలికో చెప్పక్కర్లేదు, ఇంట్లో ఇద్దరున్నారు పోలికకి. చివరికి అద్దాలక్క చెప్పక తప్పలేదు.

పదిహేడేళ్ళ కిందటి మాట. పెళ్ళయిన రెండు నెలలకే భర్త సరుకుల ఓడ ఎక్కేశాడు. ఇంజను గదిలో పని, ఏడాదికి తొమ్మిది నెలలు నీళ్ళ మీదే. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, అందులో కొత్త కోడలూ అత్తగారూ. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కారణమేంటంటే ఇప్పుడు ఇద్దరికీ గుర్తు లేదు. బకెట్టు ఎక్కడ పెట్టాలన్నదే కావచ్చు. అత్తగారు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్పై ఎనిమిదేళ్ళు ఆపరేటరుగా చేసింది. ఊళ్ళో వాళ్ళందర్నీ ఒకరితో ఒకరిని కలిపిన మనిషి, ఇంట్లో కోడలితో నెలకి నాలుగు మాటలు మాట్లాడేది కాదు. కోడలు మాత్రం తక్కువ తిందా? మూడు మాటల్లో సరిపెట్టేది.

అలాంటప్పుడు అత్తగారు బాత్రూంలో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్ళు వంగలేదు. రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెప్తే, "నేనేమన్నా చంటిపిల్లనా" అని బంతిని కిటికీలోంచి విసిరేసింది. ఎడమ చేత్తో విసిరింది, అయినా ఎదురింటి దాకా వెళ్ళింది. ఆ సాయంత్రం కోడలు ఏమీ మాట్లాడకుండా, మొగుడు కొనిపెట్టి వెళ్ళిన గేము పెట్టె తీసి, ఒక రిమోటు అత్తగారి ఒళ్ళో పెట్టింది. ఆ మొండిఘటం దాన్ని కూడా విసిరేస్తుందనే అనుకుంది. విసిరెయ్యలేదు. తెర మీద కొండ కనిపించింది, దాని అడుగున ఇద్దరు చిన్న మనుషులు, ఇద్దరి నడుముకీ కలిపి ఒకే తాడు.

ఆట అంతా ఆ తాడే. ఒకళ్ళు బొత్తాం నొక్కిపెట్టి తాడు బిగించి నిలబడాలి, అప్పుడే రెండోవాళ్ళు దూకాలి. పట్టుకోకముందే దూకారా, ఇద్దరూ కలిసి కొండ కిందికి. మళ్ళీ మొదటి మెట్టు నుంచి. మాటలు లేని ఇద్దరు మనుషులు మొదటి వారమంతా కింద పడటంతోనే గడిపారు. ఎనిమిదో రోజున అత్తగారికి ఒళ్ళు మండింది.

"పట్టుకుంటే పట్టుకున్నానని చెప్పి ఏడవొచ్చు కదా!"

"పట్టుకున్నా" అంది కోడలు, పళ్ళు బిగించి.

అత్తగారు దూకింది. తాడు ఆగింది. ఆ రోజు వాళ్ళు కొండ నడుము దాకా వెళ్ళారు.

ఆ తర్వాత పదకొండు నెలలు, పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే ఒక గంట ఆట. పట్టుకున్నా. దూకండి. పట్టుకున్నా. దూకు. ఆ మాట మెల్లగా తెరలోంచి ఇంట్లోకి వచ్చేసింది. అత్తగారు అటక మీది డబ్బా కోసం స్టూలెక్కితే, కింద కోడలు స్టూలు పట్టుకుని "పట్టుకున్నా" అనాలి. అప్పుడే ఆవిడ మడమలెత్తుతుంది. తడి మెట్ల మీదా అంతే, రోడ్డు దాటేటప్పుడూ అంతే. ఎవరైనా వింటే నవ్వుతారని కూడా అనిపించేది కాదు, అలవాటైపోయింది.

"ఇంతకీ గెలిచారా?" అంది పిల్ల.

"ఎక్కాం. కానీ చివర్లో ఒక తిరకాసు ఉంది." అద్దాలక్క కిటికీ వైపు తిరిగింది. "శిఖరం దగ్గర ఇద్దరి బరువూ ఆగదు. కింద వేలాడేవాళ్ళు తాడు కోసేస్తేనే పైనున్నవాళ్ళు ఎక్కగలరు. నేను పైనున్నాను. వేరే దారేమైనా ఉందేమో చూద్దామని అనేలోపు మీ నానమ్మ బొత్తాం నొక్కేసింది. టక్కున. నా బొమ్మ ఒక్కటే పైకెళ్ళి నిలబడింది, ఎదురుగా సూర్యుడు. నేను రిమోటు విసిరికొట్టి భోరున ఏడ్చాను. 'ఎందుకు కోశారు అత్తయ్యా' అన్నాను. ఆవిడని అత్తయ్యా అని పిలవడం అదే మొదలు. 'ఒకళ్ళైనా ఎక్కాలి కదా' అని లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయింది. నాకోసం అంత పని చేసిన మనిషిని అప్పటి నుంచి ఒక్క మాట అనలేదు నేను. ఆ తాడు తెగడం మళ్ళీ చూడమంటే నావల్ల కాదు."

ఒక్క మాట అనలేదన్నది పచ్చి అబద్ధం, రోజూ పది అంటుంది. పిల్లకీ ఆ సంగతి తెలుసు.

శుక్రవారం అద్దాలక్క సగం రోజు సెలవు పెట్టింది. ఆమె రోజూ వచ్చేది సాయంత్రం అయిదున్నరకి, వ్యాయామం జరిగేది మూడింటికి. అంటే ఈ నెల రోజుల్లో అత్తగారు ఎలా ఆగిపోతోందో ఆమె కళ్ళారా చూసింది లేదు, చెప్పగా వినడమే. అద్దం సరిపోలేదని దుకాణం వాళ్ళు చెప్తే తను ఎప్పుడైనా నమ్మిందా? తెచ్చి చూపించమంటుంది. ఇక్కడ మాత్రం నెల రోజులు చెప్పుడు మాట నమ్మింది. ఆ సంగతి తట్టినప్పుడు ఆమెకి తన మీద తనకే చిరాకేసింది.

వెళ్ళేసరికి అత్తగారు కమ్మీల మధ్య నిలబడి ఉంది. నడుముకి వెడల్పాటి పటకా కట్టారు. దాని వెనక పట్టీ ఫిజియో చేతిలో ఉంది. గట్టిగానే పట్టుకున్నాడు పాపం.

"ఒకటి, రెండు, మూడు. వెయ్యండమ్మా."

అద్దాలక్క తలుపు దగ్గరే ఆగి చూసింది. మూడు అనగానే అత్తగారి కుడి చెయ్యి కమ్మీ మీద సడలింది. ఎడమ మడమ కొద్దిగా లేచింది. తల ఒక పక్కకి వంగింది, వెనకనుంచి ఏదో వినబడాలన్నట్టు. ఏమీ వినబడలేదు. మడమ మళ్ళీ నేల మీదికి దిగింది, చెయ్యి బిగుసుకుంది.

"చూశారా" అన్నాడు ఫిజియో. "ప్రతిసారీ ఇంతే. భయం."

భయం కాదు. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పదిహేడేళ్ళుగా ఆ మాట వినకుండా ఆ మనిషి స్టూలు కూడా ఎక్కలేదు. ఇప్పుడు ఎవరో కుర్రాడు వెనక నిలబడి అంకెలు లెక్కపెడితే కదులుతుందా? పైగా దేనికోసం ఆగుతోందో ఆవిడకే తెలియదు. తెలిస్తే ఊరుకునే రకం కాదు, నెల కిందటే కసిరి అనిపించుకునేది.

అద్దాలక్క చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. ఫిజియో చేతిలోంచి పట్టీ తీసుకుంది. అతను వద్దనబోతుంటే, "చేసేశాను, మీరు పక్కనుండండి" అంది. పట్టీని రెండు చుట్లు అరచేతికి చుట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది.

"పట్టుకున్నా."

అత్తగారు వెనక్కి తిరిగి చూడలేదు. కమ్మీ వదిలి, ఎడమ కాలు తీసి ముందుకేసింది.

"పట్టుకున్నా."

కుడి కాలు. మళ్ళీ ఎడమ. కమ్మీల చివరిదాకా పదకొండు అడుగులు. చివర గోడ వస్తే ఆగి, "ఇటు తిరగాలా, గోడ ఎక్కాలా?" అంది. ఫిజియో ఒక కాగితం తీసి, ఏం మందు వాడారో రాసుకోవాలి చెప్పమని అద్దాలక్కని అడిగాడు. "మాటే" అంది ఆమె. అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ఓపిక ఆమెకి ఆ క్షణాన లేదు, కళ్ళు తుడుచుకోవడానికే చేతులు చాలలేదు.

శనివారం మధ్యాహ్నం ముగ్గురూ ఇంటి కింద ఆటో దిగారు. కుర్చీ రాయలేదు, పటకా మాత్రం ఇచ్చి పంపారు. ముందు అత్తగారు, వెనక పట్టీ పట్టుకుని అద్దాలక్క, ముందుగా పరిగెత్తి ప్రతి అంతస్తులోనూ ప్లాస్టిక్ కుర్చీ వేస్తూ పిల్ల. పట్టుకున్నా, అడుగు. పట్టుకున్నా, అడుగు. మొదటి అంతస్తు వాళ్ళు తలుపు తెరిచి చూసి, పలకరించబోయి, అది పలకరించే సమయం కాదని మానుకున్నారు. ముప్పై ఆరు మెట్లెక్కాక రెండో అంతస్తులో అత్తగారు కుర్చీలో కూలబడి ఊపిరి తీసుకుంది.

పిల్ల అదే అదను అనుకుంది. "నానమ్మా, అమ్మ ఎందుకు ఆడనంటుందో చెప్పేసింది. నువ్వు అమ్మకోసం తాడు కోసుకున్నావట కదా, అది మళ్ళీ చూడటం తనవల్ల కాదట. మరి నువ్వెందుకు ఆడనంటావు?"

అత్తగారు పకపకా నవ్వింది. నెలా నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. "ఈమెకోసమా? ఏమ్మాయ్, ఇన్నేళ్ళూ అలా అనుకుంటున్నావా? నా మణికట్టు సలిపేస్తోంది అప్పుడు. పదకొండు నెలలుగా ఆ కొండ. ఎప్పుడు అవుతుందా అని చూస్తున్నా. ఎవరో ఒకళ్ళు కొయ్యాలంది ఆట, కోసేశా. అప్పటికి నువ్వు నాకేమవుతావని? నా కొడుకు పెళ్ళానివి, అంతే."

అద్దాలక్కకి పదిహేడేళ్ళు దాచుకున్న వస్తువు ఉత్తిదని తేలినట్టయింది. పట్టీ పట్టుకున్న చెయ్యి మాత్రం అలాగే ఉంది. "అయితే ఆడొచ్చుగా మళ్ళీ" అంది. "మీకేం బాధ?"

అత్తగారు నవ్వు ఆపేసింది. ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇప్పుడు కొయ్యమంటే నాకు చేతులు రావే పిచ్చిదానా. కొయ్యకపోతే ఆ ఆట అవ్వదు."

అద్దాలక్క పట్టీని అరచేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. పిల్ల కుర్చీ తియ్యడానికి చెయ్యి వేసింది. అత్తగారు మెట్ల కమ్మీ పట్టుకుని లేచి, తర్వాతి మెట్టు కేసి చూస్తూ, తల ఒక పక్కకి వంచి ఆగింది.

"పట్టుకున్నా అత్తయ్యా" అంది అద్దాలక్క.