కూర్చోని మామ కోసం వేప్పనపల్లికి

ఆదివారం ఉదయం ఆరు పదికి హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సు ఎక్కాను. ఒక చేతిలో చింతకర్ర గిన్నె, ఇంకో చేతిలో కొత్త స్టూలు. ఈ ప్రయాణానికి కారణం నా అబద్ధమే కాబట్టి ముందు అది చెప్పేస్తాను.

మూకండపల్లిలో ఫ్యాక్టరీ పని ముగిశాక, ఇంటి వెనక, కర్రను తిప్పుతూ చెక్కే చిన్న లేతు మీద కొయ్య గిన్నెలు చేస్తుంటాను. కూలిన చెట్లు, పాత దూలాలు, ఎవరికీ పనికిరాని కర్రే వాడతానని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. పచ్చి కర్రతో చేస్తే గిన్నె ఎండి వంకర పోతుంది. అందుకే రెండు నెలల కింద, వేప్పనపల్లిలో నా భార్య మేనమామ మునెప్ప ఇంటి ముందు ముప్పై ఏళ్లు ఎండిన చింత మొద్దు కనబడగానే మతి పోయింది. మామ పొలంలో ఉన్నాడు.

"మామను అడిగినావా అప్పా?" అంది ఆయన భార్య ఎల్లమ్మత్త.

"అడిగినాను" అన్నాను. అడగలేదు.

మొద్దు తెచ్చేసుకున్నాను. అది ఆయన రోజూ కూర్చునే మొద్దు. ఆ రోజు నుంచి మామ కూర్చోలేదు. తిండి నిలబడే, గడ్డం గీయించుకోవడమూ నిలబడే. ఇంటి పెద్ద నిలబడితే మిగతావాళ్లు కూర్చోకూడదన్నది ఆ వీధి మర్యాద. అందుకని ఇల్లంతా నిలబడింది. మాట్లాడటానికి వచ్చినవాళ్లూ నిలబడ్డారు.

"అల్లుడు అడిగినాడు, ఇచ్చినాను అంటాడు. మల్లా కూసోడు. నా మోకాళ్లు పోతావుండాయప్పా" అని అత్త ఫోన్లో ఏడ్చింది. నన్ను అబద్ధాలకోరు అనిపించుకోనివ్వకుండా మామ కాపాడాడు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

కండక్టర్ స్టూలుకు లగేజీ టికెట్టు కొట్టాడు. పక్క సీటు ముసలామె గిన్నె చూసి, "ఏ గుడికి పోతావుండావప్పా?" అంది. మామ దగ్గరికన్నాను. "మామకు ఉత్త గిన్నె తీసుకుపోతారా?" అని తన సంచిలోంచి రెండు టమాటాలు అందులో వేసి, గురుబరపల్లిలో దిగిపోయింది.

ఏడున్నరకు కృష్ణగిరి. ఈ దారిన వెళ్లేవారు బస్టాండులోనే ఇడ్లీ తినండి, మామ ఇంట్లో అయితే నిలబడి తినాలి. ఏడు యాభైకి ఇంకో బస్సు ఎక్కి, తొమ్మిదికి ముందే వేప్పనపల్లిలో దిగాను.

వాకిట్లో ఆరుగురు నిలబడి ఉన్నారు. మామ నేనిచ్చిన స్టూలును తిరగేసి చూశాడు. "మొద్దు కాళ్లు లేకుండానే పోయింది. దీనికి నాలుగుండాయి" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను గిన్నె ఆయన ముందు పెట్టాను.

"మామా, నేను అడగలేదు. అడిగినానని అబద్ధం చెప్పినాను. నీ మొద్దు ఇదో, ఈ గిన్నె అయిపోయింది."

పక్కింటాయన, "చెప్పేసినాడు గదప్పా, ఇంక కూసోవచ్చా?" అన్నాడు.

మామ చెయ్యెత్తి ఆగమన్నాడు. టమాటాలు తీసి అత్త చేతికిచ్చాడు. గిన్నెను మొద్దు ఉన్న చోటనే బోర్లించి, దాని మీద మెల్లగా కూర్చున్నాడు. గిన్నె గోడ మందంగా ఉంచడం వల్ల పగలకుండా ఆగింది.

"ఎత్తు తగ్గింది" అన్నాడు. "నేనూ తగ్గినాను గదా, సరిపోతుంది."

వాకిలంతా ఒక్కసారిగా కూలబడింది. అత్త గోడకానుకుని కాళ్లు చాపి, "అమ్మయ్యా" అంది. నేనూ స్టూలు లాక్కున్నాను.

"నువ్వు నిలుచుకో" అన్నాడు మామ.

నిలబడే అన్నం తిన్నాను. రెండింటికి, మామ తీసుకోని స్టూలుతో బస్సెక్కితే సగం సీట్లు ఖాళీ.

"సీట్లుండాయి, స్టూలుంది, ఏల నిలుచుకోనుండావప్పా?" అన్నాడు కండక్టర్.

"మామ ఇంకా కూసోమనలేదు."

ఆయన టికెట్టు కొట్టి ముందుకు పోయాడు. కృష్ణగిరిలో మారి, హోసూరు బస్సులోనూ నిలబడ్డాను. ఎవరికీ పనికిరావని నేను తేల్చిన కర్రలన్నీ దారి పొడవునా గుర్తొచ్చాయి. ఎన్నిటి గురించి ఎవరినైనా అడిగాను?

గురుబరపల్లి దాటాక ఫోన్ మోగింది.

"ఇంకా నిలుచుకోనుండావా?" మామ గొంతు.

"ఊ మామా."

"సరే, కూసో."

అప్పటికి బస్సు నిండిపోయింది. స్టూలు నడవలో వేసుకుని కూర్చున్నాను.