వేడెక్కిన గిన్నె

నా చిన్నప్పుడు మా పెరట్లో చావు లేని వస్తువులు ఏడు ఉండేవి. అవి ఖాళీ టూత్‌పేస్టు గొట్టాలు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. తుమ్మపాల దగ్గర మా ఊళ్ళో ఇంటి చెత్తంతా పెంటకుప్ప మీదే వేసేవాళ్ళం. పేడ, బూడిద, అరటితొక్కలు ఏడాది తిరిగేసరికి ఎరువై పొలానికి వెళ్ళిపోయేవి. ఆ గొట్టాలు మాత్రం నొక్కిన వేళ్ళ గుర్తులతో సహా మళ్ళీ పైకి తేలేవి.

అవి ప్లాస్టిక్ కనుక కుళ్ళవని నాకు గ్రంథాలయంలో తెలిసింది. నాన్న అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం తీసుకువెళ్ళే రోజుల్లో నన్ను అక్కడ కూర్చోబెట్టేవాడు. పదేళ్ళకే ఒక బీరువా పుస్తకాల్లో సగం చదివేశానని నాకు గొప్ప గర్వం. ఇంట్లోనే పళ్ళపేస్టు చేసుకుంటే గొట్టాలతో పనే లేదని ఒక పాత పుస్తకంలో చదివాను. వంటసోడా, మెత్తని ఉప్పు, లవంగాల పొడి, కొబ్బరినూనె, కాసిని నీళ్ళు. కాగితం మీద రాసుకోలేదు. నాకు రాసుకోవలసిన అవసరమేమిటి?

అది గానుగ ఆడే కాలం. అమ్మా నాన్నా తెల్లవారకముందే బెల్లం పాకకి వెళ్ళిపోయారు. ఆ ఉదయం ఆకు కదలలేదు. బెల్లం వండే పెనం కింద మండే చెరుకుపిప్పి పొగ మంచులో కలిసి మా ఇంటి చుట్టూ ఆగిపోయింది. రోజూ తియ్యగా వచ్చే వాసన ఆరోజు మాడుగా వచ్చింది.

పేస్టు చేద్దామని వెతికితే వంటింట్లో సోడా దొరకలేదు. వసారా గూట్లో, పాకకి తీసుకెళ్ళే సామాన్ల మధ్య ఒక పాలపొడి డబ్బా కనిపించింది. లోపల తెల్లని పొడి. తెల్లగా, మెత్తగా ఉంది కనుక సోడాయే అనుకున్నాను. అన్నీ వేసి కలుపుతుంటే గిన్నె అడుగు నా అరచేతికి వెచ్చగా తగిలింది. క్షణం నా చేయి ఆగింది. లవంగం వేడి చేస్తుందని ఎక్కడో చదివి ఉన్నాను. అదే అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

తమ్ముడికి ఆరేళ్ళు. నేను ఏం చెప్పినా నమ్మేవాడు. నోరు బార్లా తెరిచి, చూపుడువేలు చాచి నా ఎదురుగా కూర్చున్నాడు.

అప్పుడే మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, వచ్చి వాడి పక్కన చతికిలబడి గిన్నె అంచు ముట్టుకుంది.

"ఏటే ఇది, గిన్ని యేడిగుంది?"

"లవంగం గుణం మామ్మా. పుస్తకంలో ఉంది."

"ఓలమ్మో, పుస్తకాల డాట్రమ్మ! మరి సోడా ఎక్కడిదే?"

"గూట్లో డబ్బాలోది."

మామ్మ ముఖంలో నవ్వు చెదరలేదు. తమ్ముడి మణికట్టు ఆవిడ పిడికిట్లోకి ఎప్పుడు వెళ్ళిందో నేను చూడలేదు. "పసుపెయ్యలేదేటే? పళ్ళకి మంచిది. కాసింత తెచ్చి ఎయ్యి, సూద్దుము" అంది.

చిటికెడు పసుపు తెచ్చి వేశాను. ఒక్క తిప్పుకే ఆ రంగు మాయమైంది. గిన్నెలో ఎరుపు. దిష్టి తీసేటప్పుడు పళ్ళెంలో కలిపే నీళ్ళ ఎరుపు.

"అక్కా, రగతం!" అని తమ్ముడు వెనక్కి జరిగాడు. మామ్మ వాడి చెయ్యి వదల్లేదు.

"సోడాకి ఇంత ఎరుపు రాదే. దిష్టినీళ్ళలో పసుపుతోటి నేనేటి కలుపుతాను?"

సున్నం. మరిగే చెరుకురసంలో మురికి తేలడానికి నాన్న చిటికెడు వేసే పొడి సున్నం. నీళ్ళు తగిలితే వేడెక్కుతుందని కూడా చదివాను, గుర్తు రావలసినప్పుడు రాలేదు. కిళ్ళీలో కాస్త ఎక్కువైతేనే నోరు పొక్కుతుంది. తమ్ముడి చిగుళ్ళకి పూయడానికి నేను గిన్నెడు కలిపాను.

మామ్మ తిట్టలేదు. నా చేతులు కడిగించి, పెరట్లో గొయ్యి తీసి ఆ ఎర్రముద్దని పూడ్చింది. తర్వాత డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"నీకు సదువొచ్చు కదే. దీనిమీద రాయి."

ఆవిడకి ఒక్క అక్షరం రాదు. బొగ్గుముక్కతో 'సున్నం' అని పెద్ద అక్షరాలతో రాశాను.

మర్నాడు వంటసోడా తెప్పించి, పక్కనే కూర్చుని, మళ్ళీ నాచేతే చేయించింది. పెరట్లోని ఏడు గొట్టాలు ఎనిమిది కాలేదు. నేను ఇప్పటికీ పళ్ళపేస్టు ఇంట్లోనే కలుపుతాను. నా వంటింట్లో పేరు లేని డబ్బా ఒక్కటీ లేదు. అయినా కలపడం అయ్యాక గిన్నెని అరచేతిలో పెట్టుకుని కాసేపు కదలకుండా కూర్చుంటాను. అది చల్లగానే ఉందని నమ్మకం కుదిరాక గానీ, వేలు చాచి ఎదురుచూసే మా పిల్లల్ని దగ్గరికి పిలవను.