చూసినవాళ్లే కప్పాలి

గోదావరి ఎగువన, సిరోంచ దగ్గరి పల్లెలో మా తమ్ముడు పంతులు. కపిలేశ్వరపురం నుంచి అతణ్ణి చూడటానికి వెళ్లినప్పుడు, డైనోసార్ ఎముకలు దొరికిన బంజరుకు కాపలా కాసే రాజన్న గారు ఒక ఎముక చూపించారు. రాయైపోయిన తొడ ఎముక. మధ్యలో పెద్ద వాపు.

"బతికున్నప్పుడే చీము పట్టిందట బిడ్డా. కుంటుకుంటనే శానా ఏండ్లు తిరిగిందట."

నా చెయ్యి ఆ వాపు మీదే ఆగిపోయింది. మా చిన్నమ్మాయికీ ఇలాగే కాలి ఎముక వాచింది. పదో ఏట పోయింది. గోదావరి మధ్య లంక గట్టున సమాధి చేసుకున్నాం. తర్వాతి వరదకు ఆ గట్టంతా గోదావరిలో కలిసిపోయింది.

"ఇదెలా మిగిలిందండీ బాబాయి గారూ?"

"అండీ అనకుంట మీ గోదారోళ్లకు ఊపిరాడదా?" అని ఆయన నవ్వారు. "సచ్చినెంటనే ఒండ్రు కప్పిందట. ఏట్ల కొట్టుకపోయిన బొక్కలయితే ఇరిగి అరిగిపోతయి."

"మరి చిన్నపిల్లలవండీ?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "చిన్న బొక్కలు మాకెన్నడు దొరకలే బిడ్డా."

ఎండకు పగలకుండా, చూసినవాళ్లే మళ్లీ మన్ను కప్పి వెళ్లాలన్నది అక్కడి పద్ధతి. నేనూ గుప్పెడు మన్ను వేశాను. మా చిన్నదాని పెట్టె మీదా ఇలాగే వేశాను.

మా అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి నాకు చదువు నేర్పింది. ఏం జరిగినా స్తోత్రం చెప్పడమూ నేర్పింది. ఆ బంజరులో మాత్రం స్తోత్రం చెప్పకుండానే ఆ ఎముక మీద ఇంకో గుప్పెడు మన్ను వేశాను. దూరంగా గోదావరి, మా ఊరివైపే పోతోంది.