కట్ట వేసిన చెయ్యి

ఆంబూరు చుట్టుపక్కల చెప్పుల కంపెనీలు వరసగా లేస్తున్న రోజులవి. వేలూరు నుంచి గుడియాత్తం పోయే బస్సులో, కే.వి.కుప్పం దగ్గర ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. కాళ్ళ మధ్య పార నిలబెట్టుకుని, కాసేపటికి తనే మాట కలిపాడు.

"మా చేన్లో వాన నీళ్ళు నిలవాలని నేనే మట్టికట్ట ఏసినా నాయనా. ఆ గుంటలోకి నీటికోళ్ళు వచ్చి గూళ్ళు కట్టినాయి. కంపెనీల మురికినీళ్ళకి బావి నీళ్ళు చెడిపోయినాక చేను కంపెనీకి అమ్మేస్తిమి. వాళ్ళు కట్ట తీసేయమన్నారు."

"మిషను పెట్టి తీయించుకోమనాల్సింది తాతా."

"కట్ట ఏసిన చెయ్యే గండి కొట్టాల. మాలో అంతే. గూళ్ళన్నీ ఖాళీ అయినాయనుకొని కొడితిని. నీళ్ళు దిగినాక చూస్తే ఒక కోడి మాత్రం లేవలా. బురదలో గుడ్లమింద అట్లే కూసోనుండాది."

ఏనాటి సంగతో చెబుతున్నాడనుకున్నాను.

"పోనీలే తాతా, ఎప్పటి మాటో కదా," అన్నాను.

ఆయన పారను ఇంకొంచెం దగ్గరకు లాక్కున్నాడు.

గుడియాత్తంలో ఆయన దిగి వెళ్ళిపోయాక చూసుకుంటే, ఆ పార మట్టి నా ప్యాంటు అంచుకు అంటుకుని ఉంది. ఇంకా తడి ఆరలేదు.